పాలపిట్ట నీలం ఎక్కడిది?

పిల్లలూ! దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని పెద్దలు చెబుతారు. విజయవాడలో ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి దర్శనం చేసుకుని ఊళ్ళకు తిరిగి వెళ్ళేవాళ్ళు కాలువగట్ల వెంట, తీగల మీద, తాడిచెట్ల మీద ఈ పిట్ట కోసం వెతుకుతారు. కూర్చున్నప్పుడు అది మట్టిరంగు పిట్టలాగే ఉంటుంది. రెక్క విప్పిందో, ముదురు నీలం, లేత నీలం ఒక్కసారిగా తళుక్కుమంటవి!

ఆ నీలం ఎక్కడిది? బట్టకు నీలిమందు వేసినట్టు ఈకకు ఎవరూ రంగు వెయ్యలేదు. అసలు ఆ ఈకలో నీలిరంగు పదార్థమే లేదు. రాలిన ఈకను వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే నీలం మాయమై గోధుమరంగు కనబడుతుంది.

చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న చంద్రశేఖర వెంకట రామన్ గారికి 1930 లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆయన 1934 లో ఈ పాలపిట్ట ఈకల రంగును గురించే ఒక వ్యాసం ప్రకటించారు. ఈక మన గోళ్ళవంటి పదార్థంతో తయారవుతుంది. నీలం ఈక లోపల కంటికి ఆనని గాలిగదులు కోకొల్లలు. ఎండలోని రంగులన్నిటిలో నీలాన్ని అవి వెనక్కు పంపుతవి. మిగిలిన రంగులను అడుగున ఉన్న నల్లని పదార్థం మింగేస్తుంది. రామచిలుక ఈకలో ఇటువంటి నీలానికే పసుపురంగు పదార్థం తోడై ఆకుపచ్చ అవుతుంది.

సరే, ఈ రంగులు ఎవరికోసం? మనకోసం కాదు, తోటి పక్షులకోసం! జతకట్టే కాలంలో పాలపిట్ట ఆకాశంలో పల్టీలు కొడుతూ రెక్కల రంగులు ప్రదర్శిస్తుంది. చూసే కన్ను కూడా సామాన్యమైనది కాదు. రంగులు గుర్తించే కణాలు మన కంట్లో మూడు రకాలుంటే, పక్షుల కంట్లో నాలుగు రకాలు. మనకు కనిపించని అతినీలలోహిత కాంతి కూడా చాలా పక్షులకు కనిపిస్తుంది.

దీని వెనక పెద్ద కథ ఉన్నది. రాక్షసిబల్లుల కాలంలో పాలిచ్చే జంతువులు పగలు దాక్కుని రాత్రులు తిరిగేవి. చీకట్లో రంగులతో పనేమిటి? అందుచేత వాటికి రెండు రకాల కణాలు పోయి రెండే మిగిలినవి. మన ఇంటి ఎద్దుకు ఈనాటికీ రెండే. కోతుల వంశంలో మూడో రకం మళ్ళీ ఏర్పడింది. అదే మనకూ దక్కింది. రాక్షసిబల్లుల సంతతి అయిన పక్షులు మాత్రం నాలుగూ నిలుపుకున్నవి.

దసరాకు కొందరు ఈ పిట్టను జిగురుపెట్టి పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో తెచ్చి డబ్బుకు చూపిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా, కట్టేసిన రెక్కలో నీలం ఎలా కనిపిస్తుంది? ఈసారి అటువంటివాడికి డబ్బివ్వవద్దని నాన్నగారితో చెప్పండి. పొలంగట్టున మట్టిరంగు పిట్ట కనబడితే తరమకుండా నిలబడండి. మిడత కోసం అదే రెక్క విప్పుతుంది. అప్పుడు చూడండి!