గంగకి సీక్వెల్ ఎప్పుడు?

వెన్స్‌డే రెండో సీజన్ 2025లో రెండు విడతలుగా వచ్చింది. ఆగస్టు 6న నాలుగు ఎపిసోడ్లు, సెప్టెంబరు 3న మిగతా నాలుగు. మా హాస్టల్లో రెండు విడతలకీ రూమ్ నిండిపోయింది. మధ్యలో మిడ్స్ కూడా జరిగాయి, వాటి గురించి ఇక్కడ వద్దు.

నల్ల బట్టలు, రెండు జడలు, నవ్వని మొహం, ఎవరేమన్నా ఒక్క ముక్కలో కోసిపారేసే నోరు. మొదటి సీజన్లో అంత బాగున్న పిల్లని రెండోదాంట్లో పాడుచేస్తారేమోనని నాకు భయం. సీక్వెల్ అంటే మనకి తెలిసిందేగా, బ్యాక్‌లాగ్ లాంటిది. అదే సబ్జెక్టు, అదే సిలబస్, ఫీజు మాత్రం అదనం. కానీ వాళ్ళు ఒక తెలివైన పని చేశారు, అమ్మమ్మని దింపారు. అమ్మమ్మ హెస్టర్, అమ్మ మోర్టిషియా, మనవరాలు వెన్స్‌డే. ముగ్గురూ ఒక గదిలో కూర్చుంటే దయ్యాలు బయట వెయిట్ చెయ్యాల్సిందే.

"మనకి ఇలాంటి అమ్మాయి లేదేంటే?" అంది మా రూమ్మేట్.

లేకేం. మాది కల్లూరు. వెటకారం అంటే గోదావరి జిల్లాల పేటెంట్ అనుకుంటారు గానీ, సత్తుపల్లి, అశ్వారావుపేట దాటితే అటువైపు గోదావరి జిల్లాలే, మాకూ కొంచెం అంటింది. చిన్నప్పుడు ఒక రాత్రి కరెంటు పోతే, కాలవ కట్ట మీద చింతచెట్టు దయ్యం వస్తుందని ఏడ్చాను. మా అమ్మమ్మ విసనకర్ర ఆపకుండానే అంది, "దానికేం పనిలేదా? ఫ్యాను కూడా తిరగని ఇంటికి దోమలతో కుట్టించుకోటానికి వస్తదా?" ఆ తర్వాత నాకు చింతచెట్టు దయ్యం మీద జాలి తప్ప భయం మిగల్లేదు.

కాబట్టి మన దగ్గర నోరున్న ఆడవాళ్ళకి కొదవ లేదు. మన దయ్యాల కథల్లో మాత్రం ఆ నోరు రావాలంటే అమ్మాయి ముందు చచ్చిపోవాలి, లేదా ఆమెలో ఇంకెవరో దూరాలి. నా గొడవంతా అదే.

చంద్రముఖి (2005) గుర్తుతెచ్చుకోండి. తమిళం నుంచి వచ్చినా మనం సొంతం చేసేసుకున్న సినిమా. గంగగా ఉన్నంతసేపు జ్యోతిక నెమ్మది, వినయం. మొగుడు బయటికి వెళ్ళొద్దు అన్నప్పుడు ఆమె కళ్ళు మారతాయి చూడండి, ఆ సీన్ ఇప్పటికీ రీల్స్‌లో తిరుగుతూనే ఉంది. అందరూ అది చూసి జడుసుకుంటారు. నాకు మాత్రం ప్రతిసారీ ఒకటే అనిపిస్తుంది: అడగాల్సిన మాటే కదా! ఆ మాట గంగ తన గొంతుతో అడిగితే ఏం పోయింది? సైకియాట్రిస్టుతో పని లేకుండానే కొంత నయమయ్యేదేమో.

సరే, మొదటి సినిమా అలా అయింది. 2010లో నాగవల్లి వచ్చింది. కథ వేరే కుటుంబానికి వెళ్ళిపోయింది. 2023లో చంద్రముఖి 2 వచ్చింది, అదీ ఇంకో కుటుంబం. చంద్రముఖి మాత్రం ప్రతి దాంట్లో ఉంది. గంగ ఇంటికి వెళ్ళాక ఎలా బతికింది, మళ్ళీ ఎప్పుడైనా కోపం వచ్చిందా, వస్తే ఎవరి గొంతుతో తిట్టింది అన్నది ఎవరికీ పట్టలేదు. మనవాళ్ళు సీక్వెల్ తీసేది దయ్యానికి, మనిషికి కాదు.

గీతాంజలి (2014) కి పదేళ్ళ తర్వాత, 2024 ఏప్రిల్లో గీతాంజలి మళ్ళీ వచ్చింది. అంజలికి 50వ సినిమా అని పోస్టర్ల మీద వేశారు. నాకు ఆమె నటన ఇష్టం. శ్రీనివాస రెడ్డి, సత్యం రాజేష్, షకలక శంకర్ బ్యాచ్ అంటే ఇంకా ఇష్టం, నవ్వకపోతే అబద్ధం చెప్పినట్టే. అయినా టైటిల్ ఆమెది, జోకులు వాళ్ళవి. ఒకసారి దయ్యాన్ని చూసిన అమ్మాయికి రెండోసారి అంత భయం ఉండదు. ఇక మిగిలేది వెటకారమే కదా, సీక్వెల్‌తో వచ్చే లాభమే అది. ఆ లాభాన్ని మనవాళ్ళు ఎక్స్‌ట్రా కమెడియన్లకి పంచేస్తారు.

కాస్త దగ్గరికొచ్చింది శుభం (2025). భీమిలిలో ఒక కేబుల్ ఆపరేటర్, రాత్రి తొమ్మిదికి సీరియల్ మొదలవగానే మారిపోయే పెళ్ళాలు, 'ఆల్ఫా మేల్' అనిపించుకోవాలని తంటాలు పడే మొగుళ్ళు. ఐడియాకే సగం మార్కులు ఇచ్చేశాను. కానీ కథ ఆ మొగుళ్ళ వెంటే నడుస్తుంది, పెళ్ళాలకేమో టైమ్ స్లాట్.

టైమ్ స్లాట్ అంటే గుర్తొచ్చింది. మా వీధిలో వరసకి పిన్ని ఒకామె ఉంది. ఆమె గొంతు ఎలా ఉంటుందో పక్కింటికి కూడా తెలీదు. శ్రావణంలో ముత్యాలమ్మకి బోనాలెత్తినప్పుడు, డప్పులు జోరందుకోగానే ఆమెకి పూనకం వస్తుంది. నాలుగేళ్ళ కింద జుట్టు విరబోసుకుని, వేపకొమ్మ పట్టుకుని, ఊరందరి ముందు బాబాయ్‌ని నిలదీసింది.

"నా గుడికి ఏడాదికొక్కసారి వస్తివి. కల్లు దుకాణం కాడికి దినాం పోతివి. ఆడ నాకంటే పెద్ద దేవతున్నదారా?"

బాబాయ్ "తప్పయింది తల్లీ" అని కాళ్ళ మీద పడ్డాడు. అత్తగారు గబగబా సాక పోసింది. అదే మాట మామూలు రోజు వంటింట్లోంచి అని ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. మర్నాడు టీ ఇస్తుంటే, "నిన్న భలే అడిగావు పిన్నీ" అన్నాను. "ఏమోనే, నాకేం యాదికి లేదు" అంది, గ్లాసు వైపు చూస్తూ నవ్వు ఆపుకుంటూ.

పూనకం నిజమా కాదా అన్న చర్చ నాకొద్దు. ఆ నవ్వు మాత్రం నిజం.

ఇదంతా సినిమా గొడవే కదా అంటారేమో. చేతబడి చేస్తుందన్న అనుమానంతో దాడి చేశారనే వార్త తెలంగాణ పేపర్లలో ఇప్పటికీ వస్తూనే ఉంది. మగవాళ్ళూ బలవుతున్నారు. అనుమానించేవాళ్ళకి ఋజువుతో పని లేదు, ఒంటరి ముసలామె కాస్త నోరు దురుసుగా మాట్లాడినా చాలు. అందుకే ఆడదాని నోటికి, దయ్యానికి ముడిపెట్టి నవ్వించేటప్పుడు ఆ నోరు ఎవరిదో రాసేవాళ్ళు తేల్చుకుంటే బాగుండు అనిపిస్తుంది. బతికున్న అమ్మాయిదే అని రాస్తే నవ్వులేం తగ్గవు. మా అమ్మమ్మే సాక్ష్యం.

మన క్లబ్బులో కథలు రాసేవాళ్ళకి ఒక రిక్వెస్ట్. ఈసారి హారర్ రాస్తే హీరోయిన్ని సత్తుపల్లి బస్సెక్కించండి. పక్క సీట్లో దయ్యం కూర్చుంటే, అది ఫ్రీ టికెట్ తీసుకుందో లేదో ఆమెతోనే అడిగించండి.

ఈ శ్రావణంలో ఊరెళ్ళాను. పిన్నికి పూనకం రాలేదు. బోనం దించి ఇంటికొచ్చాక, ఆలస్యంగా గుమ్మంలోకి వచ్చిన బాబాయ్‌ని చూసి, జడ కూడా విప్పకుండా, మామూలు గొంతుతో అంది, "ఏం, దుకాణం మూసేశారా పాపం?"

బాబాయ్ బిత్తరపోయి నా వైపు తిరిగాడు. "మీ పిన్నికి పూనకం గాని వచ్చిందా ఏందే?"

"కాదు బాబాయ్, సీక్వెల్" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నిమ్మకాయలు తేవాలా అని అడిగాడు.