పదో పక్షి

పీణ్యలో కాపురం పెట్టి ఇరవై ఏళ్ళయినా మాకు పక్షులంటే కాకి, పావురం, గద్ద. మొన్న జనవరిలో మనవడికి బడిలో పది పక్షుల్ని చూసి పేర్లు రాసుకు రమ్మన్నారు. ఆదివారం తెల్లవారుజామునే, స్వెట్టర్లు వేసుకుని, చిక్కబాణావర మీదుగా హెసరఘట్ట చేరాం.

బెంగుళూరు దాహం తీర్చడానికి అర్కావతి మీద 1894లో కట్టిన చెరువది. పక్కనే పెద్ద గడ్డిమైదానం. ఒడ్డున కొంగలు, తోక ఊపుతూ తిరిగే చిన్న పిట్టలు. గడ్డి మీదుగా బాగా కిందికి ఎగురుతూ పిల్లిగద్దలు. చలికాలానికి మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే ఈ గద్దలు రాత్రిళ్ళు చెట్టెక్కవు, గడ్డిలో నేలమీదే పడుకుంటాయి.

“ఇంత ఖాళీ ఉంది కదా తాతయ్యా, చెట్లు నాటొచ్చుగా?” అన్నాడు.

“నాటితే వాటి పడక పోతుందిరా!” అన్నాను.

తిరిగొస్తుంటే కరెంటు తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి. రెక్క విప్పగానే నీలం మెరిసింది! వాడు పుస్తకం చూసి “ఇండియన్ రోలర్” అన్నాడు. మా ఆవిడ “పాలపిట్టరా!” అంటూ చేతులు జోడించింది. దసరానాడు కనిపిస్తే ఏడాదంతా శుభమని మన ఊళ్ళలో వెతుక్కునే పిట్ట. ఇటు కర్ణాటకకూ, అటు తెలంగాణకూ రాష్ట్రపక్షి.

పదో పేరు తెలుగులోనే రాస్తానని, ‘ట’కు వత్తు ఎలాగో అడిగి మరీ రాశాడు. “మరి మిగతా తొమ్మిదీ?” అన్నాడు. నాకు నాలుగే వచ్చాయి. ఊళ్ళో అన్నయ్యకు ఫోన్ చేస్తే ఇంకో రెండు చెప్పాడు. ఆ తోక ఊపే పిట్టను మీ ఊళ్ళో ఏమంటారో కాస్త రాద్దురూ!