ఇన్వర్టర్ కొనే ముందు
రెంటచింతల ఎండల సంగతి పల్నాటి పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఇంట్లో పసిబిడ్డలో, మంచం పట్టిన పెద్దలో ఉన్నప్పుడు ఇన్వర్టర్ ఆడంబరం కాదు. అయితే దుకాణానికి వెళ్లే ముందు లెక్క వేసుకోవాలి. 12 వోల్టుల, 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ నిల్వ కాగితం మీద 1800 వాట్-అవర్లు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు కలిపి 186 వాట్లు. నష్టాలు పోను ఆరేడు గంటలు నడుస్తాయి, అదీ బ్యాటరీ కొత్తదైతేనే. ఫ్రిజ్ కూడా కలిపారంటే సహరీ వేళకు చీకటే.

మా మదరసాలో డిస్టిల్డ్ వాటర్‌కు బదులు బోరు నీరు పోశాము. సున్నపురాతి నేల నీరు కదా, అందులోని లవణాలు బ్యాటరీని ఏడాదికే పాడుచేశాయి. తప్పు మాదే.

ఛార్జి అయ్యేటప్పుడు ఈ బ్యాటరీ నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. పిల్లలు నిద్రించే మూసిన గదిలో దానిని ఉంచకండి. గాలి ఆడే వరండా మేలు.