విమానంలో సీట్ల మార్పిడిపై తిరువూరు సమావేశ తీర్మానం

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు పట్టణంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ ఉంటూ, విదేశాల్లోని బిడ్డల దగ్గరికి వెళ్లివస్తున్న తల్లిదండ్రులు, సెలవులకు ఇంటికొచ్చిన యువతీయువకులు, విశ్రాంత ఉపాధ్యాయులు, విమాన టిక్కెట్లు తీసిపెట్టే ట్రావెల్స్ నిర్వాహకులు కలిసి కూర్చున్న ఈ సమావేశం, విమానాల్లో సీట్లు మార్చుకునే దగ్గర ప్రయాణికుల మధ్య వస్తున్న తగాదాలను చర్చించి, కింది తీర్మానాన్ని ఆమోదించింది.

మన ఊరికి రైలు లేదు. అమెరికా వెళ్లాలన్నా ప్రయాణం బస్టాండులోనే మొదలవుతుంది. మైలవరం మీదుగా విజయవాడ పోయే బస్సు ప్లాట్‌ఫారం మీద ఆగకముందే కిటికీలోంచి కర్చీఫో తువ్వాలో చేతిసంచో వేసి సీటు ఆపుకోవడం ఇక్కడ పుట్టి పెరిగిన వారందరికీ తెలిసిన పద్ధతి. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పల్లెవెలుగులో సీటుకు నంబరుండదు, టిక్కెట్టు ప్రయాణానికే గానీ సీటుకు కాదు. కాబట్టి ముందు ఎవరు గుడ్డ వేస్తే సీటు వారిదన్న కట్టుబాటు దానంతటదే ఏర్పడింది. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి, 2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకాలతో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిటకిటలాడుతున్న సంగతి సరిహద్దు పట్టణం వాళ్లం గనుక రెండు వైపులా చూస్తున్నాం. సీటు కోసం మాటా మాటా అనుకుంటారు. అయినా మైలవరం వచ్చేసరికి ఎవరో ఒకరు జరిగి, ముగ్గురి సీటులో నాలుగో మనిషికి చోటిస్తారు. విమానంలో జరగడానికి చోటుండదు. దిగిపోదామంటే మధ్యలో స్టాపు ఉండదు. అక్కడ ప్రతి సీటుకూ నంబరుంది, ఆ నంబరు బోర్డింగ్ పాస్ మీద అచ్చయి ఉంది, చాలాసార్లు దానికి విడిగా డబ్బు కట్టిన మనిషి ఉన్నాడు.

తగాదాకు మూలం ఆ విడి డబ్బులోనే ఉందని ఈ సమావేశం అభిప్రాయపడుతోంది. కోరుకున్న సీటు, సామాను, భోజనం వంటి వాటిని టిక్కెట్టు ధర నుంచి విడదీసి రుసుము తీసుకునే వీలును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, మన విమాన సంస్థలకు ఇచ్చింది. 2021 ఫిబ్రవరిలో దానిపై ఉత్తర్వులు కూడా వెలువరించింది. సామాను లేకుండా వెళ్లేవారికి టిక్కెట్టు కొంత తగ్గవచ్చు, అది మంచిదే. కానీ సీటు రుసుము కట్టని ఇద్దరు వృద్ధులకు కంప్యూటరు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ సీట్లు వేస్తుంది. ఒకరు ఇరవయ్యో వరుస మధ్య సీటులో, ఇంకొకరు ముప్ఫై ఆరో వరుసలో. దోహా, దుబాయ్ మీదుగా అమెరికా వెళ్లే పెద్ద విమానాల్లో చాలావాటిలో అడ్డంగా మూడు, నాలుగు, మూడు చొప్పున పది సీట్లుంటాయి. ఆ వెడల్పులో, అంత పొడవులో భర్త ఎక్కడున్నాడో భార్యకు కనపడదు.

ఆ ఎడబాటులో నిజమైన ఇబ్బంది ఏమిటో సమావేశంలో తల్లులు చెప్పారు. బీపీ, షుగరు మాత్రలు ఒకరి సంచిలో ఉంటాయి, వేసుకోవాల్సింది ఇంకొకరు. ఇద్దరిలో ఒకరికే నాలుగు ఇంగ్లిషు ముక్కలు వచ్చు. ముందున్న తెర ఎలా తిప్పాలో, బాత్రూం తలుపు ఎటు తోయాలో, ఎయిర్‌హోస్టెస్ ఏమడుగుతోందో తెలియక, ఏమీ వద్దని తలూపి, నీళ్లు కూడా అడగకుండా పదిహేను గంటలు కూర్చున్నవారున్నారు. పక్కన ఎవరో తెలియని మగమనిషి ఉంటే కళ్లు మూసి నిద్రపోలేనివారున్నారు. కాబట్టి సీటు మార్చమని అడిగే ప్రతివారినీ దబాయించేవాళ్లుగా చూడటం అన్యాయం. అడగడం వెనుక చాలాసార్లు భయం ఉంటుంది.

అవతలివైపు కూర్చున్న మనిషికీ కారణాలుంటాయి. మోకాలు మడవలేనివారు నడవ పక్క సీటు కొనుక్కుంటారు. మాటిమాటికీ బాత్రూంకి లేవాల్సినవారూ అంతే. విమానం కుదిపితే బెదిరేవారు రెక్కల దగ్గరి సీటు వెతుక్కుంటారు. తల్లిని దహనం చేసి తిరిగి ఉద్యోగానికి వెళుతున్న కొడుకు, తన ముఖం ఎవరికీ కనపడకూడదని కిటికీ వైపు తిరిగి కూర్చోవచ్చు. ఇవేవీ పైకి కనపడవు. అవి మనకు చెప్పాల్సిన బాధ్యతా వారికి లేదు.

ఈ రెంటినీ ఆలోచించి, అడిగే హక్కు అందరికీ ఉందని, ఇవ్వననే హక్కు కూడా అంతే ఉందని, అడగకుండా వెళ్లి ఇతరుల సీటులో కూర్చునే హక్కు మాత్రం ఎవరికీ లేదని ఈ సమావేశం తీర్మానిస్తోంది.

దీనిపై ఒక సవరణ ప్రతిపాదన వచ్చింది. అరవై ఏళ్లు దాటిన దంపతులు అడిగితే వయసులో చిన్నవారు తప్పక సీటు ఇవ్వాలని తీర్మానంలో చేర్చమన్నారు. చాలాసేపు చర్చించాక సమావేశం దాన్ని అంగీకరించలేదు. విమాన సంస్థ చేయాల్సిన పనిని ఏ సంబంధమూ లేని కుర్రవాడి నెత్తిన పెట్టడమే అవుతుందని ఎక్కువమంది అన్నారు. పెద్దల పట్ల గౌరవం అడిగి వసూలు చేసుకునేది కాదని ఒక విశ్రాంత ఉపాధ్యాయిని అన్న మాటకు సభ చప్పట్లు కొట్టింది. సవరణ తెచ్చినవారు దాన్ని ఉపసంహరించుకుని, తీర్మానం ఏకగ్రీవం కావడానికి తోడ్పడ్డారు. వారికి ఈ సమావేశం కృతజ్ఞతలు తెలుపుతోంది.

విమానం ఎక్కాక చేసే ప్రయత్నం కన్నా ఎక్కకముందు చేసే ప్రయత్నమే ఫలిస్తుంది గనుక, కలిసి వెళ్లేవారి టిక్కెట్లు ఒకే పీఎన్‌ఆర్ మీద తీయాలని, వెబ్ చెక్-ఇన్ తెరిచిన వెంటనే సీట్లు చూసుకోవాలని, స్తోమతు ఉన్నవారు పక్కపక్క సీట్లకు రుసుము కట్టాలని ఈ సమావేశం కోరుతోంది. లక్ష దాటిన టిక్కెట్టు కొనిపెట్టే పిల్లలు ఆ కాస్త దగ్గర వెనకాడి, అమ్మానాన్నలను అపరిచితుల దయకు వదిలేయకూడదు. అది కుదరకపోతే గన్నవరంలోనో శంషాబాద్‌లోనో కౌంటరు దగ్గరే అడగాలి. సీట్లు కలిపే అధికారం అక్కడి సిబ్బందికి ఉంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకు అదే పీఎన్‌ఆర్ మీద ఉన్న తల్లిదండ్రుల్లోనో సంరక్షకుల్లోనో కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలని డీజీసీఏ 2024 ఏప్రిల్‌లో మన విమాన సంస్థలను ఆదేశించింది. ఈ సంగతి తెలియక, బిడ్డను ఎత్తుకుని వరుస వరుసా తిరుగుతూ అడుగుతున్న తల్లులున్నారు. అది విమాన సంస్థ చేసిపెట్టాల్సిన పని, కౌంటరు దగ్గరే గట్టిగా అడిగి తీసుకోవాలి.

లోపల అడగాల్సివస్తే ముందు మన సీటులో మనం కూర్చోవాలి. అవతలి మనిషి వచ్చేసరికి వారి సీటులో స్థిరపడి, దుప్పటి కప్పుకుని, అప్పుడు బతిమాలడం అడగడం కాదు. మనం ఇచ్చేది తీసుకునేదానితో సమానంగానైనా ఉండాలి. నడవ సీటుకు నడవ సీటు, కిటికీకి కిటికీ. చివరి వరుసలో మధ్య సీటు చూపించి ముందు వరుస కిటికీ అడగడం సబబు కాదు. ఒక్కసారి అడగాలి. ఇస్తే సంతోషం, లేదంటే అక్కడితో ఆపాలి.

వరుసలు పెట్టి పిలుచుకోవడం మన అలవాటు, మంచి అలవాటు. పక్కన కూర్చున్న కుర్రవాణ్ని బాబూ అని, అమ్మాయిని తల్లీ అని పిలిస్తే విమానంలో కూడా మన ఊరి గాలి తగులుతుంది. కానీ ఆ పిలుపు వెంట ‘నువ్వు మా అబ్బాయిలాంటివాడివి, ఆ మాత్రం చేయలేవా’ అంటే అది వాళ్లను ఇరకాటంలో పెట్టడమే. లేదన్న మనిషి గురించి మన భాషలో గట్టిగా వ్యాఖ్యానించడం కూడా మానాలి. గల్ఫ్ విమానంలోనైనా డల్లాస్ విమానంలోనైనా ఆ మనిషి తెలుగువాడయ్యే అవకాశం చాలా ఉంది. కాకపోయినా, స్వరం అర్థం కావడానికి భాష అక్కర్లేదు.

ఫోను తీసి వీడియో పట్టడం అన్నిటికన్నా హీనమైన పనిగా ఈ సమావేశం భావిస్తోంది. 2024 డిసెంబరులో బ్రెజిల్‌లో, తన కిటికీ సీటును ఏడుస్తున్న పిల్లవాడికి ఇవ్వనన్న యువతిని తోటి ప్రయాణికురాలు వీడియో తీస్తే, అది లోకమంతా తిరిగింది. సొంత సీటులో కూర్చోవడం తప్ప ఆమె ఏమీ చేయలేదు. తర్వాత ఆమె న్యాయస్థానానికి వెళ్లాల్సివచ్చింది. మన ఊరివారెవరూ అలాంటి వీడియో తీయవద్దని, ఎవరైనా పంపినా మన వాట్సాప్ గ్రూపుల్లో ముందుకు తోయవద్దని ఈ సమావేశం తీర్మానిస్తోంది.

ఇద్దరూ ఒప్పుకున్నా సిబ్బందికి చెప్పకుండా సీటు మారకూడదు. శాకాహారమని ముందే చెప్పి తెప్పించుకున్న భోజనం సీటు నంబరును బట్టి వస్తుంది. మనం మారితే అది పాత సీటుకు పోతుంది, మాంసాహారం మన ముందుకు రావచ్చు. ఏటీఆర్ లాంటి చిన్న విమానాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది బరువు సమతూకానికి సంబంధించినది, అందుకే అక్కడ ఖాళీ సీటు కనపడినా వెళ్లి కూర్చోనివ్వరు. అత్యవసర ద్వారం పక్క సీటు కాళ్లు చాపుకోవడానికి బాగుంటుంది గానీ, ఆపదలో ఆ తలుపు తీయగలిగి, సిబ్బంది చెప్పేది అర్థం చేసుకోగలిగినవారే అక్కడ ఉండాలి. పెద్దవారి కోసం ఆ సీటు అడగనే వద్దు.

మాట పెరిగితే ఏమవుతుందో కూడా అందరూ తెలుసుకోవాలి. డీజీసీఏ 2017 సెప్టెంబరులో తెచ్చిన నిబంధనల ప్రకారం, విమానంలో నోరు పారేసుకున్నవారిని మూడు నెలల దాకా, చేయి చేసుకున్నవారిని ఆరు నెలల దాకా, ప్రాణాలకు ముప్పు తెచ్చినవారిని కనీసం రెండేళ్లు విమానం ఎక్కకుండా నిషేధించవచ్చు. తోసింది అరవై ఏళ్ల పెద్దమనిషైనా అది తోయడమే. కాబట్టి అవతలివారు కేకలు వేసినా మనం బెల్లు నొక్కి సిబ్బందిని పిలవాలి, చేయి లేపకూడదు.

ఇక ఒంటరిగా వెళ్లివచ్చే మన యువతకు ఈ సమావేశం ఒక విన్నపం చేస్తోంది. సీటు ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదని పైన రాశాం, ఆ మాటకు కట్టుబడి ఉన్నాం. అయినా మీ సీటులాంటి సీటే దొరుకుతున్నప్పుడు, చంటిబిడ్డ తల్లో, విడిపోయిన ముసలి దంపతులో ఎదురైతే, వాళ్లు అడగకముందే మీరే లేచి, సీటు మారతారా అని అడగండి. అది కుదరనప్పుడు కనీసం పక్కనున్న పెద్దావిడకు బెల్టు పెట్టడం, తెర తిప్పడం చూపించి, ఆమె భర్త దగ్గర్నుంచి మాత్రలు తెచ్చిపెట్టండి. సీటు మారకుండానే సగం కష్టం తీరుతుంది.

విమాన సంస్థలనూ డీజీసీఏనూ ఈ సమావేశం గట్టిగా కోరేది ఒకటుంది. పిల్లలకు ఇచ్చిన రక్షణను, ఒకే పీఎన్‌ఆర్ మీద వెళ్లే అరవై ఏళ్లు దాటిన దంపతులకూ, వీల్‌చెయిర్ సాయం తీసుకునేవారికీ, వారి తోడుకూ రుసుము లేకుండా వర్తింపజేయాలి. ఇది అసాధ్యమని ఎవరూ అనలేరు. మన రైల్వే రిజర్వేషన్ కంప్యూటరు, అరవై నిండిన పురుషులకూ నలభై అయిదు నిండిన స్త్రీలకూ, ఖాళీ ఉంటే, అడగకపోయినా లోయర్ బెర్త్ వేయడానికి ప్రయత్నిస్తుంది. దానికి విడిగా పైసా తీసుకోదు. స్లీపర్ టిక్కెట్టుకు దక్కే ఆ ఆదరం లక్ష రూపాయల టిక్కెట్టుకు ఎందుకు దక్కదు? పిల్లలను తల్లిదండ్రుల పక్కన అదనపు రుసుము లేకుండా కూర్చోబెడతామని ఏయే సంస్థలు హామీ ఇచ్చాయో అమెరికా రవాణా శాఖ 2023 మార్చి నుంచి పట్టిక వేసి జనానికి చూపిస్తోంది. వృద్ధుల విషయంలో అలాంటి పట్టికను మన దేశంలో డీజీసీఏ వేయవచ్చు. గన్నవరం, శంషాబాద్‌లకు వచ్చిపోయే విమానాల్లో ముఖ్యమైన ప్రకటనలు తెలుగులోనూ చేయాలి.

తిరువూరులోని ట్రావెల్స్ నిర్వాహకులు, టిక్కెట్టుతోపాటు పెద్దవారి చేతికి తెలుగులోనూ ఇంగ్లిషులోనూ రాసిన చీటీ ఒకటి ఇవ్వడానికి ఈ సమావేశంలో ఒప్పుకున్నారు. సీటు నంబరు, తోడున్నవారి సీటు నంబరు, వాడే మందులు, భోజనం వివరం, ‘మమ్మల్ని పక్కపక్కన కూర్చోబెట్టగలరా’ అన్న ఒక్క వాక్యం అందులో ఉంటాయి. చీటీ నమూనాను రాసే పని ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులకు అప్పగించడమైనది.

ఈ తీర్మానం ప్రతులను కేంద్ర పౌర విమానయాన శాఖకు, డీజీసీఏకు, గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాల అధికారులకు, ఆ రెండుచోట్ల నుంచి నడిచే విమాన సంస్థలకు పంపాలని, తెలుగు ప్రతిని తిరువూరు బస్టాండులో, నగర పంచాయతీ కార్యాలయం నోటీసు బోర్డులో అనుమతి తీసుకుని అతికించాలని నిర్ణయించడమైనది.