తెర చిరిగితే లాప్‌టాప్ మార్చాలా?

క్లబ్ వాళ్ళు ఈ నెలకి ఏదైనా రాయమంటే రెండు రోజులు తప్పించుకు తిరిగాను. నాకు కవిత రాదు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. అందుకే నాకు బాగా తెలిసిన ఒక్క విషయం గురించే రాస్తున్నా. అది మూడు నెలల పాటు నా లాప్‌టాప్ తెరని అడ్డంగా చీల్చిన గీత.

మాది చీమకుర్తి. నల్లరాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైట్ మా ఊరిదే. నాన్న ఒక ఫ్యాక్టరీలో పాలిష్ మెషీన్ మీద పని చేస్తారు. నాకు సీఎస్‌ఈలో సీటు వచ్చినప్పుడు ఒంగోల్లో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొనిచ్చారు, పద్దెనిమిది వేలకి. ఆరో తరం ఐ5, ఇంటెల్ గ్రాఫిక్స్, ఎనిమిది జీబీ ర్యామ్. దాంట్లో విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది. సరే అని లైనక్స్ మింట్ వేశాను, తేలిగ్గా ఉంటుందని ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో.

వేసిన రోజు నుంచే నత్తనడక. విండో లాగితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. వీడియో పెడితే పాట వినపడుతుంది గానీ బొమ్మ వెనకబడుతుంది. ఫ్యాన్ అయితే మా ఊరి కంప్రెసర్‌లా మోగుతుంది. పైగా స్క్రోల్ చేసినప్పుడల్లా తెర మధ్యలో ఒక అడ్డగీత. గీతకి పైన ఒక బొమ్మ, కింద కొంచెం పక్కకి జరిగిన ఇంకో బొమ్మ.

హాస్టల్లో అందరూ ఒకటే మాట: "లైనక్స్ అంతే." లేదంటే: "గ్రాఫిక్స్ పోయింది, కొత్తది కొనుక్కో."

ఈ రెండు మాటల మీదే నా కంప్లైంట్. రెండూ చెప్పడానికి తేలిక, రెండింటికీ ఆధారం లేదు. రెండో మాటకైతే ఇంట్లో వాళ్ళ డబ్బులు ఖర్చవుతాయి.

ముందు ఆ గీత ఎందుకొస్తుందో చూద్దాం. మామూలు లాప్‌టాప్ తెర సెకనుకి 60 సార్లు కొత్త బొమ్మ వేసుకుంటుంది. అంటే ఒక్కో బొమ్మకి సుమారు 16.7 మిల్లీసెకన్లు. బొమ్మంతా ఒకేసారి పడదు, పై వరస నుంచి కింది వరస దాకా వరసగా చదువుకుంటూ వస్తుంది. తెర సగం దాకా చదివాక కంప్యూటర్ మధ్యలో బొమ్మ మార్చేసిందనుకోండి, పై సగం పాతది, కింది సగం కొత్తది. దీన్నే స్క్రీన్ టేరింగ్ అంటారు. తెర చదవడం పూర్తయ్యేదాకా ఆగి అప్పుడే బొమ్మ మార్చడం వీసింక్. అంతే. తెర చెడిపోలేదు, గ్రాఫిక్స్ పోలేదు. ఇద్దరు పనివాళ్ళకి టైమింగ్ కుదరలేదు.

లైనక్స్‌లో ఇది ఎక్కువగా కనపడటానికి ఒక పాత కారణం ఉంది. ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది. మనం వాడే ఎక్స్11 వచ్చింది 1987లో, అంటే మనలో ఎవరూ పుట్టకముందు. అందులో ప్రోగ్రామ్‌లు ఎవరికి వారు తెర మీద గీసుకోవచ్చు. అందరి బొమ్మల్నీ ముందు పక్కన కలిపి, పూర్తయ్యాక తెరకిచ్చే కంపోజిటర్ అనేది తర్వాత పైన తగిలించిన భాగం. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బెర్గ్ మొదలుపెట్టిన వేలాండ్‌లో ఆ కంపోజిటరే అసలు కేంద్రం. పూర్తయిన బొమ్మే తెరకి వెళ్ళాలన్నది దాని మొదటి సూత్రాల్లో ఒకటి. అందుకే వేలాండ్‌కి మారితే చాలామందికి ఈ గీత పోతుంది. నా ఎక్స్‌ఎఫ్‌సీఈ మాత్రం ఎక్స్11 మీదే నడుస్తోంది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను చేసింది వేరు. కనపడిన ప్రతి వీడియో చూసి, ప్రతి కమాండ్ కాపీ చేసి పేస్ట్ చేశాను. చాట్‌బాట్‌ని అడిగితే అది ఇంకో నాలుగు ఇచ్చింది. డీబీఎంఎస్ ల్యాబ్ ఇంటర్నల్ ముందు రోజు రాత్రి, టేర్‌ఫ్రీ అనే ఆప్షన్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్ ఒకటి పేస్ట్ చేసి రీస్టార్ట్ కొట్టా. డెస్క్‌టాప్ రాలేదు. నల్లటి తెర మీద లాగిన్ అని ఒక్క లైను. రికార్డ్ అంతా అందులోనే ఉంది. ఏడుపొచ్చింది. రాత్రి ఒంటిగంటన్నరకి ఆ నల్లతెరలోనే లాగిన్ అయి ఆ ఫైల్ తీసేశాక డెస్క్‌టాప్ తిరిగొచ్చింది. దానితో పాటు గీత కూడా.

ఆ వారం ఇంటికెళ్ళినప్పుడు నాన్న చూశారు.

"ఏందమ్మా తెర మీద ఆ గీత? అతుకు తెలుస్తా ఉంది."

చాలా ట్రై చేశాను నాన్నా, పోవట్లేదు అన్నాను. ఏమేం చేశావని అడిగారు. చెప్పలేకపోయాను. ఏ రోజు ఏది మార్చానో నాకే గుర్తులేదు.

"పాలిష్‌లో గీత పడితే మేం నీళ్ళు, రాళ్ళు, ప్రెషర్ అన్నీ ఒకేసారి మార్చం. ఒకటి మారుస్తాం, ఒక పలక తోలి చూస్తాం. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎట్టా తెలుస్తది?"

పదో తరగతి దాటని మా నాన్న ఒక్క ముక్కలో డీబగ్గింగ్ చెప్పేశారు. నేను రెండో ఏడాది సీఎస్‌ఈ.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి మొదటిసారి సరైన ప్రశ్న రాసుకున్నా: అసలు నా తెర మీద బొమ్మ గీస్తున్నది ఎవరు?

దానికి జవాబిచ్చే కమాండ్ ఉంది. మెసా యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, టెర్మినల్‌లో జీఎల్‌ఎక్స్‌ఇన్‌ఫో అని కొట్టి, ఖాళీ వదిలి హైఫన్, పెద్ద బీ పెట్టాలి. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా గానీ టైప్ చేసేది ఇంగ్లీష్ అక్షరాల్లోనే.) వచ్చే వాటిలో రెండరర్ అనే లైను చూడండి. అక్కడ మీ ఇంటెల్, ఏఎండీ లేదా ఎన్విడియా పేరుంటే గ్రాఫిక్స్ చిప్ పనిచేస్తోంది. ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే మాత్రం చిప్ ఖాళీగా కూర్చుంది, దాని పనంతా ప్రాసెసర్ ఒక్కటే మోస్తోంది.

నాది ఎల్‌ఎల్‌వీఎంపైప్.

కారణం వెతికితే దొరికిన పదం నోమోడ్‌సెట్. బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌కిచ్చే సూచన అది. కొన్ని మెషీన్లలో, ముఖ్యంగా ఎన్విడియా కార్డు ఉన్నవాటిలో, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర నల్లబడుతుంది. అప్పుడు తాత్కాలికంగా గ్రాఫిక్స్ డ్రైవర్‌ని పక్కన పెట్టడానికి దాన్ని వాడతారు. సరైన డ్రైవర్ వేశాక తీసేయాలి. నేను చూసి ఇన్‌స్టాల్ చేసిన వీడియోలో ఆయనకి నల్లతెర వచ్చింది, అందుకే ఆయన ఆ పదం పెట్టుకున్నారు. నాకు నల్లతెర రానే లేదు! ఆయన పెట్టారని నేనూ పెట్టాను. పక్కింటాయన బీపీ మాత్ర తెచ్చి వేసుకుని, మూడు నెలలు కళ్ళు తిరుగుతున్నాయని ఏడ్చినట్టుంది నా పని. ఆ రాత్రి కాన్ఫిగ్ ఫైల్ డెస్క్‌టాప్‌ని ఎందుకు పడగొట్టిందో కూడా అప్పుడే అర్థమైంది. అది ఇంటెల్ డ్రైవర్‌ని పిలుస్తోంది, నోమోడ్‌సెట్ ఆ డ్రైవర్‌ని రానివ్వట్లేదు.

ఈసారి నాన్న పద్ధతిలో చేశా. ముందు శాశ్వతంగా ఏదీ మార్చలేదు. బూట్ మెనూలో ఈ అక్షరం నొక్కి, ఆ లైనులో నోమోడ్‌సెట్ తీసేసి స్టార్ట్ చేశా. ఇలా చేసిన మార్పు ఆ ఒక్క బూట్‌కే, తేడా వస్తే రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. డెస్క్‌టాప్ వచ్చింది, రెండరర్ దగ్గర ఇంటెల్ పేరొచ్చింది. అప్పుడు గ్రబ్ ఫైల్లో తీసేసి, అప్‌డేట్-గ్రబ్ కొట్టా. నత్తనడక పోయింది, ఫ్యాన్ నోరు మూసింది.

గీత మాత్రం ఇంకా ఉంది. రెండో ప్రశ్న: కంపోజిటర్ ఆన్‌లో ఉందా? లేదు. "స్పీడ్ కోసం ఆపెయ్" అని ఎవరో అంటే మొదటి వారంలోనే నేనే ఆపేశాను. విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటర్ ట్యాబ్‌కి వెళ్ళి మళ్ళీ టిక్ పెట్టా. గీత పోయింది. మొత్తం ఖర్చు సున్నా. రెండు రోగాలూ నేను వేసుకున్న రెండు మందుల వల్ల వచ్చినవే.

ఇక్కడితో అయిపోతే ఇది నా గోల మాత్రమే. కానీ గత నెలలో మా జూనియర్ ఒకడు వచ్చాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వాళ్ళ నాన్న కౌలుకి మిర్చి వేస్తారు. "అక్కా, నా లాప్‌టాప్ స్లో అయింది, బోర్డ్ పోయిందంట. నాన్న రెండు రూపాయల వడ్డీకి నలభై వేలు అడుగుతున్నాడు" అన్నాడు. ముందు రెండరర్ చూశాం. ఇంటెల్ పేరే ఉంది, చిప్ బాగానే ఉంది. మరి ఈ మధ్య ఏం మార్చావంటే, అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఉబుంటులో డిస్‌ప్లే స్కేల్ 125 శాతం పెట్టానన్నాడు.

అదే కారణం. ఫుల్ హెచ్‌డీ తెర మీద 125 శాతం పెడితే, గ్నోమ్ లోపల 3072 బై 1728 సైజులో బొమ్మ గీసి, దాన్ని 1920 బై 1080కి కుదించి చూపిస్తుంది. చిప్ మీద సుమారు రెండున్నర రెట్ల పిక్సెళ్ళు. పాత చిప్ ఎంతని మోస్తుంది? స్కేల్ మళ్ళీ 100కి తెచ్చి, అక్షరాల సైజు మాత్రమే పెంచాం. పది నిమిషాల పని. వాడు వెంటనే బయటికెళ్ళి వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు.

నన్ను ఇప్పటికీ గుచ్చేది ఏంటంటే, ఆ ఫ్రాక్షనల్ స్కేలింగ్ స్విచ్ పక్కనే హెచ్చరిక ఉంది, వేగం తగ్గొచ్చు అని. చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో. వాడు చదవలేక కాదు, దాటేశాడు. మనకి బాగా పట్టుబడని భాషలో చిన్న అక్షరాలుంటే అందరం దాటేస్తాం. తెలుగు ఒత్తులు చూస్తే నేను దాటేసినట్టే.

నాకు తెలుసు, మీలో కొందరు అంటారు: "సీఎస్‌ఈ చదువుతూ ఇంగ్లీష్ రాకపోతే ఎలా?" నిజమే, రావాలి. వాడూ నేర్చుకుంటున్నాడు. కానీ ఇంగ్లీష్ పూర్తిగా వచ్చేదాకా వాళ్ళ నాన్న వడ్డీ కట్టాలా? ఇంకో మాట కూడా వింటాను, "చాట్‌బాట్ తెలుగులోనే చెప్తుంది కదా." చెప్తుంది. కానీ నీ మెషీన్‌లో ఏముందో నువ్వు చూసి చెప్పకపోతే, అది కూడా పక్కింటాయన మాత్రే ఇస్తుంది. నాకు ఇచ్చింది కూడా.

స్వేచ్ఛ సంస్థ వాళ్ళు 2005 నుంచి సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి పనిచేస్తున్నారు. వాళ్ళలాంటి ఎందరో వాలంటీర్ల వల్ల మెనూల్లో తెలుగు ఉంది. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే ఒక్క అక్షరం గుత్తికి ఐఫోన్ యాప్‌లు కుప్పకూలాయి, ఆపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మన భాష తెర మీద సరిగ్గా నిలబడాలంటే మనవాళ్ళే చూసి చెప్పాలి. మెనూ దాకా తెలుగు వచ్చింది సరే, మెనూ పనిచేయనప్పుడు చదువుకోవడానికి తెలుగులో మనమేం రాశాం?

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఒకటి, రెండరర్ లైను చూడకుండా ఎవరికీ "కొత్తది కొనుక్కో" అని చెప్పకండి. అది సలహా కాదు, ఇంకొకరి జేబులో చెయ్యి పెట్టడం. రెండు, ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చింది రాసుకోండి. మూడు, బాగైతే అది ఎలా బాగైందో తెలుగులో పది లైన్లు రాసి మన క్లబ్‌కి పంపండి. బఫర్‌ని తెలుగులో ఏమంటారో తెలియకపోతే బఫర్ అనే రాయండి. ఒత్తులు తప్పైనా పర్లేదు, ఎడిటర్ గారు దిద్దుతారు. నావి కూడా ఆయనే దిద్దారు.

మొన్న ఇంటికెళ్ళినప్పుడు నాన్న లాప్‌టాప్ తెరని పక్కకి వంచి, వెలుతురులో పలకని చూసినట్టు చూశారు. "ఇప్పుడు అతుకు లేదు" అన్నారు. నా నోట్‌బుక్ రెండో పేజీలో మా జూనియర్ కేసు రాసిపెట్టా. మూడో పేజీ ఖాళీగా ఉంది. మీది చెప్పండి.