ఆయిషాపై పేలిన తుపాకీ, ఆగిపోయిన ‘కితాబ్’

ముస్లిం స్త్రీ గోడు నాటకంగా స్టేజీ ఎక్కితే చాలు, రెండు మాటలు వినబడతాయి. ‘ఇది మన మీద కుట్ర’ అని మనవాళ్లు, ‘చూశారా, వీళ్లింతే’ అని బయటివాళ్లు. ఆ గోలలో అసలు ఆమె ఏం చెప్పిందో ఎవరికీ పట్టదు. 2018లో కేరళలో ‘కితాబ్’ విషయంలో జరిగింది ఇదే.

కోళికోడ్ జిల్లా వడకర దగ్గరున్న మేముండ హయ్యర్ సెకండరీ స్కూల్ పిల్లలు జిల్లా కలోత్సవంలో ఆ నాటకం వేశారు. మొదటి బహుమతి కొట్టారు. మస్జిద్‌లో అజాన్ ఇచ్చే మనిషి కూతురు, నేనూ అజాన్ ఇస్తానంటుంది. ఇంట్లో ఆడదానికి అన్నీ సగమే ఎందుకని తండ్రిని నిలదీస్తుంది. నిరసనలు రేగాయి. డిసెంబర్‌లో ఆలప్పుళలో జరిగిన రాష్ట్ర పోటీలకు ముందే స్కూల్ నాటకాన్ని వెనక్కి తీసుకుంది. కథకుడు ఉన్ని ఆర్ రాసిన ‘వాంకు’ నుంచి దీన్ని తీసుకున్నారని చెప్పారు. కానీ తన అనుమతి తీసుకోలేదంటూ ఆయన కూడా పక్కకు తప్పుకున్నారు.

కోపం ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. ఆ సెప్టెంబర్‌లోనే ట్రిపుల్ తలాక్ ఆర్డినెన్స్ వచ్చింది. మన ఇంటి ఆడపిల్ల పేరు చెప్పి మన ఇంటి మగాణ్ని జైలుకు పంపే చట్టం మీద దేశమంతా చర్చ. అలాంటప్పుడు మౌజన్‌ను నవ్వులపాలు చేసే నాటకం వస్తే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆ నాటకం ఎంచుకున్న ప్రశ్న కూడా నాకు అంత నచ్చలేదు. మన ఇళ్లలో ఆడవాళ్ల కళ్లల్లో నీళ్లు తెప్పించేది అజాన్ కాదు. జహేజ్ తగ్గిందని అత్తింట్లో పడే దెప్పుళ్లు. నికాహ్‌నామాలో రాసుకుని ఎప్పటికీ చేతికి రాని మహర్. అబ్బాజాన్ పోయాక షరీఅత్ ఇచ్చిన వాటాను ‘భాయ్‌ల మీద ప్రేమతో’ వదులుకోమనడం.

అయినా నాటకాన్ని ఆపించడంతో నష్టపోయింది ఎవరు? రిహార్సల్స్ చేసి గెలిచిన ఆ పిల్లలే. నచ్చని నాటకానికి జవాబుగా ఇంకో నాటకం రాసినవాళ్లూ కేరళలో ఉన్నారు. అది మర్యాదైన దారి.

అదే మలబారులో 65 ఏళ్లు వెనక్కి వెళ్దాం. 1953లో నిలంబూరు కుర్రాళ్లు ‘నువ్వు మంచి మనిషివి కావడానికి చూడు’ అనే అర్థం వచ్చే పేరుతో నాటకం వేశారు. రాసింది ఈ.కె. అయముు, ముస్లిమే. అందులో వేషం వేసిన అమ్మాయి నిలంబూరు ఆయిషా. పసితనంలోనే తనకన్నా ఎంతో పెద్దవాడికిచ్చి పెళ్లి చేస్తే, ఆ సంసారం కొద్ది రోజులకే తెగిపోయింది. అంటే ఆమె స్టేజీ మీద చెప్పింది ఎవరి కథో కాదు. జనం రాళ్లు వేశారు. మంజేరి దగ్గర ఒక ప్రదర్శనలో స్టేజీ మీదున్న ఆమె పైకి తుపాకీ కాల్చారు. గుండు తగల్లేదు. ఆ నాటకం రాసినవాళ్లూ, ఆడినవాళ్లూ, రాళ్లు వేసినవాళ్లూ అందరూ ఆ ఊళ్లవాళ్లే. అప్పుడు కుట్ర అనడానికి బయటివాళ్లు ఎక్కడున్నారు?

తర్వాత బతుకుతెరువు కోసం ఆయిషా సౌదీ వెళ్లి ఇళ్లల్లో పనిచేశారు, చాలా ఏళ్లు. కడప, రాయచోటి వైపు ఖద్దామాలుగా వెళ్లిన మన ఆడవాళ్లను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తిరిగొచ్చి మళ్లీ నటించారు. ఆమె గల్ఫ్ జీవితం ఆధారంగా 2023లో మంజు వారియర్‌తో ‘ఆయిషా’ సినిమా వచ్చింది. అప్పుడు మనవాళ్లు కూడా టికెట్ కొనుక్కుని చూశారు.

ఒక మాట గుర్తుచేయాలి. భర్త ‘నువ్వు నాకు తల్లి వీపులాంటిదానివి’ అని వదిలేస్తే, ఒక స్త్రీ నేరుగా ప్రవక్త (స) దగ్గరికి వెళ్లి వాదించింది. ఆమె ఫిర్యాదుతోనే ఖుర్ఆన్‌లో 58వ సూరా మొదలవుతుంది. ఆ సూరా పేరే ముజాదలా. ఆమెను ఎవరూ నోరు మూసుకోమనలేదు.