పక్క కుర్చీ దాకానేనా?

2020 డిసెంబరు 30. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో స్పర్స్, లేకర్స్ జట్ల మధ్య బాస్కెట్‌బాల్ మ్యాచ్. రెండో క్వార్టర్‌లో స్పర్స్ హెడ్ కోచ్ గ్రెగ్ పొపోవిచ్ రెఫరీలతో గొడవపడ్డాడు. బయటికి పొమ్మన్నారు. వెళ్తూ వెళ్తూ తన సహాయకుల్లో ఒకరి వైపు వేలు చూపించాడు. ఆ సహాయకురాలే బెకీ హామన్. ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్‌లో మగవాళ్ల జట్టును ఓ మహిళ నడిపించడం అదే మొదటిసారి. స్పర్స్ 107-121తో ఓడింది. అయినా ఆ రాత్రి అందరి నోటా హామన్ పేరే. ప్రత్యర్థి జట్టులోని లెబ్రాన్ జేమ్స్ కూడా ఆమెను మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. 1946లో పుట్టిన ఎన్‌బీఏలో ఇవాళ 30 జట్లున్నాయి. ఒక్క జట్టు కూడా ఇప్పటిదాకా ఓ మహిళను హెడ్ కోచ్‌గా పెట్టుకోలేదు. పక్క కుర్చీలో కూర్చోమంటారు. అసలు కుర్చీ మాత్రం ఇవ్వరు.

మొదట్లో పక్క కుర్చీ కూడా లేదు. 2001-02లో క్లీవ్‌లాండ్ జట్టుకు లిసా బోయర్ సహాయకురాలిగా పనిచేసింది. పూర్తికాలం జీతంతో సహాయ కోచ్ ఉద్యోగం ఓ మహిళకు దక్కడానికి 2014 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. ఆమే హామన్. మరుసటి ఏడాది లాస్ వెగాస్ సమ్మర్ లీగ్‌లో స్పర్స్ కుర్రాళ్ల జట్టును ఆమెకు అప్పగించారు. కప్పు గెలిచి చూపించింది. ఆ తర్వాత చాలా జట్లు మహిళలను సహాయ కోచ్‌లుగా తీసుకున్నాయి. అక్కడితో బండి ఆగిపోయింది.

ఎందుకని అడిగితే మొదట వచ్చే జవాబు "అనుభవం". వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఏడాదికి 82 మ్యాచ్‌లు, మ్యాచ్‌కు 48 నిమిషాలు. ఎవర్ని ఎప్పుడు దింపాలి, ఎప్పుడు టైమవుట్ తీసుకోవాలి, చివరి బంతి ఎవరి చేతికివ్వాలి... అన్నీ క్షణాల్లో తేల్చాలి. అనుభవం లేనివాళ్ల చేతికి పగ్గాలు ఎలా ఇస్తారు?

ఇస్తున్నారు. మగవాళ్లకైతే ఇస్తున్నారు. 2014లో గోల్డెన్ స్టేట్ జట్టు స్టీవ్ కెర్‌ను హెడ్ కోచ్‌గా తెచ్చుకుంది. అంతకుముందు ఆయన ఎక్కడా కోచ్‌గా పనిచేయలేదు. 2020లో బ్రూక్లిన్ జట్టు స్టీవ్ నాష్‌ను తెచ్చుకుంది. ఆయనదీ అదే కథ. 2021లో పోర్ట్‌లాండ్ జట్టు వెతుకులాటలో హామన్ చివరి వడపోత దాకా వెళ్లింది. అప్పటికి ఆమె ఏడు సీజన్లు సహాయ కోచ్‌గా చేసింది. ఉద్యోగం మాత్రం ఒకే ఒక్క సీజన్ సహాయ కోచ్‌గా చేసిన చాన్సీ బిలప్స్‌కు దక్కింది.

2024లో జరిగింది ఇంకా విచిత్రం. ఎన్‌బీఏ కింది మెట్టయిన జీ లీగ్‌లో స్టాక్‌టన్ కింగ్స్ అనే మగవాళ్ల జట్టును లిండ్సే హార్డింగ్ నడిపింది. ఆ ఏడు ఉత్తమ కోచ్ అవార్డు ఆమెదే. ఆ అవార్డు ఓ మహిళకు రావడం అదే తొలిసారి. కొన్ని నెలలకే లేకర్స్ జట్టు జేజే రెడిక్‌ను హెడ్ కోచ్‌గా ప్రకటించింది. ఆటగాడిగా పేరున్నవాడే. ఆట మానేశాక టీవీలో వ్యాఖ్యానం చెప్పాడు. ప్రొఫెషనల్ జట్టుకు కోచ్‌గా చేసింది మాత్రం లేదు. అదే జట్టులో హార్డింగ్‌కు దొరికింది రెడిక్ కింద సహాయ కోచ్ పని!

కెర్‌ను తప్పుపట్టాల్సిన పని లేదు. మొదటి ఏడాదే, 2015లో, కప్పు తెచ్చిపెట్టాడు. రెడిక్‌దీ తప్పు కాదు. ఇస్తానంటే ఎవరు కాదంటారు? కెర్ కథ చెప్పేది ఒక్కటే. హెడ్ కోచ్ కుర్చీ అనుభవం చూసే ఇస్తారన్నది నిజం కాదు. నమ్మకం మీద కూడా ఇస్తారు. మగవాడికైతే ఆ నమ్మకం అప్పుగా దొరుకుతుంది. ఆడమనిషి మాత్రం ముందే రొక్కం చెల్లించాలి.

రెండో అభ్యంతరం... ఎన్‌బీఏలో ఆడనివాళ్లకు ఆ ఆట లోతు తెలియదని. పొపోవిచ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ లీగ్ చరిత్రలో అందరికన్నా ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించిన కోచ్ ఆయనే. మయామీ కోచ్ ఎరిక్ స్పోల్‌స్ట్రా కూడా ఆడలేదు. వీడియోలు చూసి నోట్సు రాసే గదిలో మొదలై, 2012, 2013లో కప్పులు గెలిపించే స్థాయికి ఎదిగాడు.

మూడో అభ్యంతరం ఎవరూ పైకి అనరు. మగాళ్లు ఆడదాని మాట వింటారా అన్నది. 1997 నుంచి ఎన్‌బీఏలో మహిళా రెఫరీలు ఉన్నారు. వాళ్లు విజిల్ ఊదితే కోట్లు తీసుకునే ఆటగాళ్లు ఆగుతున్నారు. విజిల్‌కు ఆగేవాళ్లు, బోర్డు మీద ఎత్తు గీసి చూపిస్తే వినరా? హామన్ శిక్షణలో ఆడిన పావ్ గసోల్ 2018లో బహిరంగ లేఖే రాశాడు. మహిళలు ఎన్‌బీఏ జట్లకు కోచ్‌లుగా పనికొస్తారని గట్టిగా వాదించాడు.

ఇదే ప్రశ్న తిరగేసి అడిగితే సంగతి తేటపడుతుంది. సైనా నెహ్వాల్ 2012లో, పి.వి.సింధు 2016లో ఒలింపిక్ పతకాలు తెచ్చారు. అప్పుడు ఇద్దరికీ కోచ్ పుల్లెల గోపీచంద్. మగవాడు ఆడపిల్లలకు ఏం నేర్పుతాడని ఎవరైనా అడిగారా? అడగలేదు. అడగాల్సిన పనీ లేదు. ఆట తెలుసా, నేర్పడం వచ్చా అన్నదే లెక్క. ఆ లెక్క రెండు వైపులా ఒకటే కావాలి కదా.

ఆడవాళ్ల లీగ్‌లో గెలిచినంత మాత్రాన మగవాళ్ల లీగ్‌లో గెలుస్తారని లేదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మగవాళ్ల జట్లతోనే నెగ్గినవాళ్లూ ఉన్నారు మరి. ముగ్గురేసి ఆడే మగవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ బిగ్ త్రీలో 2018లో నాన్సీ లీబర్‌మన్, 2019లో లిసా లెస్లీ తమ జట్లను విజేతలుగా నిలబెట్టారు. ఈ లీబర్‌మన్ 2010-11లోనే టెక్సస్ లెజెండ్స్ అనే మగవాళ్ల జట్టుకు హెడ్ కోచ్. తర్వాత మన పంజాబ్ కుర్రాడు సత్నాం సింగ్ ఆడింది కూడా ఆ జట్టుకే.

30 కుర్చీల కోసం ఎందరో పోటీ పడతారు. అర్హత ఉండీ రానివాళ్లు మగవాళ్లలోనూ ఉన్నారు. ఒక్క హామన్‌కు రాలేదని అన్యాయం అనలేం. కానీ ఇన్నేళ్లలో, ఇన్ని నియామకాల్లో, ఒక్కరికీ రాలేదంటే దాన్ని యాదృచ్ఛికం అనడం కష్టం. లీగ్ కమిషనర్ ఆడమ్ సిల్వర్ 2019లోనే కొత్తగా వచ్చే రెఫరీల్లో, కోచ్‌లలో సగం మంది మహిళలు ఉండాలన్నాడు. మాట బాగుంది. కానీ కోచ్‌ను పెట్టుకునేది కమిషనర్ కాదు, జట్టు యజమాని.

హామన్‌కు దీనివల్ల పోయిందేమీ లేదు. లాస్ వెగాస్ ఏసెస్ అనే మహిళల జట్టుకు వెళ్లి 2022, 2023, 2025లో మూడు టైటిళ్లు గెలిపించింది. పోగొట్టుకున్నది ఎన్‌బీఏ జట్లే.

ఎవరూ జాలి చూపించక్కర్లేదు, కోటా ఇవ్వక్కర్లేదు. మగవాళ్లకు వాడే కొలబద్దే వాడితే చాలు. ఆ కొలబద్దలో ఓటమి కూడా ఉంది. నాష్‌ను 2022లో పంపేశారు. కోచ్‌లు ఓడతారు, పోతారు, ఇంకొకరు వస్తారు. నాష్ పోయాడని మాజీ ఆటగాళ్లకు తలుపులు మూసేయలేదు. రేపు తొలి మహిళా హెడ్ కోచ్ వచ్చి ఓడితే, ఆమెనూ అలాగే పంపేయొచ్చు. ఆ వెంటనే ఖాళీ అయిన కుర్చీకి ఇంకో మహిళ పేరు కూడా పరిశీలనకు వస్తే... అప్పుడు న్యాయం జరిగినట్టు.